సార్థకతా పరీక్షను ఎంచుకోవడం, దాని ఫలితాన్ని చదవడం: మనోవిజ్ఞాన పరిశోధన చేసేవారికి

ఎం.ఏ. సైకాలజీ డిసర్టేషన్ చేస్తున్న విద్యార్థులు సాధారణంగా డేటా అంతా సేకరించి, ఎక్సెల్‌లోకి ఎక్కించిన తరువాత, “దీనికి ఏ టెస్టు వాడాలి?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకు తగిన సమయం అప్పటికే దాటిపోయి ఉంటుంది. కనబడిన తేడాను కేవలం యాదృచ్ఛికతతో వివరించగలమా అని చూసేదే సార్థకతా పరీక్ష. తగిన పరీక్షను నిర్ణయించేది చేతికి వచ్చిన అంకెల కంటే ఎక్కువగా ఆ అంకెలు పుట్టిన తీరు. ఎవరిని కొలుస్తున్నాం, ఒక్కొక్కరిని ఎన్నిసార్లు కొలుస్తున్నాం, ఏ రకమైన కొలమానంతో కొలుస్తున్నాం అన్న మూడు సంగతులను ప్రయోగానికి ముందే రాసి పెట్టుకుంటే, పరీక్ష పేరు చాలావరకు దానంతట అదే తేలుతుంది.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో ప్రచురించిన ప్రయోగాన్ని తెలుగు లిపిలోనూ సులువుగా చేయవచ్చు. “ఎరుపు” అన్న మాటను ఆకుపచ్చ రంగులో అచ్చు వేసి, మాటను పట్టించుకోకుండా రంగు పేరు మాత్రమే చెప్పమంటే ఎవరికైనా నోరు తడబడుతుంది. స్ట్రూప్ కొలతల్లో, 100 ఉత్త రంగు గళ్ల పేర్లు చెప్పడానికి సగటున 63.3 సెకన్లు పట్టగా, మాటకూ రంగుకూ పొంతన లేనప్పుడు 110.3 సెకన్లు పట్టింది. ఇదే ప్రయోగాన్ని మనం ఎనిమిది మందితో, చిన్న జాబితాతో చేశామని ఊహించుకుందాం. ఇక్కడి నుంచి వచ్చే అంకెలు లెక్క చూపించడానికి నేను కల్పించినవి. ఉత్త రంగులకు పట్టిన సెకన్లు వరుసగా 12, 15, 11, 18, 14, 20, 13, 17. పొంతన లేని మాటలకు అదే మనుషులకు అదే వరుసలో 14, 16, 15, 19, 17, 20, 16, 19. సగటులు 15, 17. తేడా 2 సెకన్లు.

ఈ రెండు వరుసలనూ వేర్వేరు మనుషులవిగా భావించి స్వతంత్ర శాంపిళ్ల టి-పరీక్ష చేస్తే టి విలువ 1.50, పి-విలువ 0.15కు పైన వస్తాయి. టి విలువ సగటుల తేడాను అంకెల చెదురుతో పోల్చి చూపుతుంది; పి-విలువ అర్థం తరువాత చెబుతాను, ప్రస్తుతానికి అది 0.05 కంటే తక్కువైతే ఫలితాన్ని సార్థకమంటారని అనుకుంటే చాలు. “ప్రభావం కనబడలేదు” అని రాసేసే ప్రమాదం అక్కడే ఉంది. నిజానికి ఇవి ఒకే ఎనిమిది మంది నుంచి తీసుకున్న జంట కొలతలు. ఒక్కొక్కరి తేడాను విడిగా తీస్తే 2, 1, 4, 1, 3, 0, 3, 2 వస్తాయి. వాటి సగటు 2, క్రమ విచలనం (స్టాండర్డ్ డీవియేషన్, అంటే విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) 1.31. జంట టి-పరీక్షలో టి విలువ 4.32, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఇక్కడ తేడాల సంఖ్య కంటే ఒకటి తక్కువ) 7, పి-విలువ 0.004 లోపు. అంకె ఒక్కటీ మారలేదు. పదకొండు సెకన్లలో ముగించే మనిషికీ ఇరవై సెకన్లు తీసుకునే మనిషికీ మధ్య సహజంగా ఉన్న ఎడం మాత్రం లెక్కలోంచి తొలగిపోయింది. తప్పు దీనికి తలకిందులుగానూ జరుగుతుంది: ఒక్కొక్కరు ఇచ్చిన నలభై స్పందనలను నలభై మంది మనుషులుగా లెక్కించి, లేని బలాన్ని ఫలితానికి తెచ్చిపెట్టేవారూ ఉన్నారు. ఒకే తరగతి పిల్లలను, ఒకే కౌన్సెలర్ దగ్గరికి వచ్చినవారిని పరస్పర సంబంధం లేని వ్యక్తులుగా చూడడం కూడా ఈ కోవలోదే. అటువంటి డేటాకు, ఒకే గుంపులోని కొలతల మధ్య సంబంధాన్ని లెక్కలోకి తీసుకునే మిశ్రమ నమూనాలు, అంటే మిక్స్‌డ్ మోడల్స్, కావాలి.

మిగిలిన ఎంపికలు త్వరగానే తేలుతాయి. రెండు వేర్వేరు సమూహాల సగటులను పోల్చడానికి వెల్చ్ టి-పరీక్షను మొదటి ఎంపికగా పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. రెండు సమూహాల్లో విస్తృతి (వేరియన్స్) సమానమన్న ఊహ దానికి అక్కర లేదు, ఆ ఊహ నిజమైనప్పుడు కూడా నష్టం దాదాపు ఉండదు. కనుక ముందు విస్తృతులు సమానమో కాదో చూసే లెవీన్ పరీక్ష చేసి, దాని తీర్పును బట్టి టి-పరీక్షను మార్చుకునే పాత అలవాటును వదిలేయవచ్చు. మూడు లేదా అంతకు మించిన సమూహాలకు అనోవా (సగటులన్నిటినీ ఒకేసారి పోల్చే పరీక్ష), అదే వ్యక్తులను పలుమార్లు కొలిస్తే పునరావృత కొలతల అనోవా సరిపోతాయి. అవును, కాదు వంటి వర్గాల లెక్కింపులకు కై-వర్గ పరీక్ష ఉంది. ఏదైనా గడిలో ఆశించిన సంఖ్య 5 కంటే తక్కువైతే ఫిషర్ ఎగ్జాక్ట్ పరీక్ష వైపు వెళ్లాలి. అవే మనుషులను ముందూ తరువాతా అవును, కాదు అని అడిగితే మెక్‌నెమార్ పరీక్ష తగినది.

నార్మల్ వితరణ (విలువలు గంట ఆకారంలో పరుచుకునే తీరు) గురించి ఉన్న భయం గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. జంట టి-పరీక్షకు నార్మల్‌గా ఉండవలసినవి మూల స్కోర్లు కావు, తేడాలు. విలువలు నార్మల్‌గా ఉన్నాయా అని చూసే షపీరో-విల్క్ పరీక్ష చిన్న శాంపిల్‌లో పెద్ద వంకరను కూడా పట్టలేకపోవచ్చు, పెద్ద శాంపిల్‌లో పట్టించుకోనక్కరలేని వంకరను కూడా ఎత్తి చూపుతుంది; అందువల్ల చుక్కల పటం గీసి కళ్లతో చూడడం దానికంటే ఎక్కువ చెబుతుంది. మాన్-విట్నీ పరీక్ష మధ్యగతాలను పోలుస్తుందని చాలా నోట్సుల్లో రాసి ఉంటుంది. రెండు వితరణల ఆకారం ఒకటే అయితే తప్ప ఆ మాట నిజం కాదు. ఒక సమూహం విలువలు రెండో సమూహం విలువల కంటే ఎక్కువగా ఉండే మొగ్గు ఉందా అన్నదే అది అడిగే ప్రశ్న.

ఇక ఫలితాన్ని చదవడం. ఇక్కడ మన భాషే ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. “జన్మ సార్థకమైంది” అని మనం అనేటప్పుడు ఆ మాటలో ఒక గొప్ప ఫలితం దక్కిన తృప్తి ఉంటుంది. గణాంక శాస్త్రంలోని సార్థకతకు అంత బరువు లేదు. అసలు ప్రభావమే లేదని, నమూనాలోని మిగతా ఊహలన్నీ సరైనవేనని అనుకుంటే, మనకు వచ్చినంత లేదా అంతకంటే తీవ్రమైన ఫలితం రావడానికి ఎంత అవకాశం ఉందో పి-విలువ చెబుతుంది. శూన్య పరికల్పన, అంటే ప్రభావమే లేదన్న ఊహ, నిజమయ్యే అవకాశం ఎంతో అది చెప్పదు. 1,000 పరికల్పనల్లో 100 మాత్రమే నిజమైనవని, మన ప్రయోగాలకు వాటిలో మూడో వంతును పట్టే శక్తి ఉందని అనుకోండి. నిజమైనవాటిలో సుమారు 33 దొరుకుతాయి. నిజం కాని 900లో 0.05 హద్దు ప్రకారం 45 కూడా సార్థకంగా తేలుతాయి. అంటే “సార్థకం” అన్న ముద్ర పడిన 78లో సగానికి పైగా ఉత్తవే.

మూడో వంతు శక్తి అన్నది అతిశయోక్తి కాదు. సమూహానికి 20 మంది చొప్పున తీసుకుని, కోహెన్ డి (సగటుల తేడాను క్రమ విచలనంతో భాగిస్తే వచ్చేది) 0.5 ఉన్న మధ్యస్థ ప్రభావాన్ని వెదికితే శక్తి దాదాపు అంతే ఉంటుంది. దాన్ని 80 శాతానికి చేర్చడానికి సమూహానికి 64 మంది కావాలి. మనోవిజ్ఞానంలో 100 అధ్యయనాలను తిరిగి చేసి 2015లో సైన్స్ పత్రికలో వెలువరించిన ఫలితాల ప్రకారం, మూల అధ్యయనాల్లో 97 శాతం సార్థకంగా తేలగా, పునరావృతాల్లో 36 శాతమే తేలాయి. తక్కువ శక్తితో పాటు, అనేక పరీక్షలు చేసి నెగ్గినవాటినే రాసే అలవాటుకూ ఇందులో పాత్ర ఉంది. ఏ ప్రభావమూ లేని చోట 20 స్వతంత్ర పరీక్షలు చేస్తే, కనీసం ఒకటైనా 0.05 లోపు వచ్చే అవకాశం 64 శాతం. అందుకే ప్రధాన పరికల్పన ఏదో ముందే ప్రకటించి, మిగిలినవాటికి, పరీక్షల సంఖ్యను బట్టి హద్దును కఠినం చేసే హోల్మ్ సవరణ వంటిది వాడాలి.

వైవాలో తరచుగా దొరికిపోయే పొరపాటు ఇంకొకటి ఉంది. ధ్యానం చేసిన సమూహంలో ఆందోళన తగ్గుదలకు పి-విలువ 0.03, చేయని సమూహంలో 0.12 వచ్చిందని, కాబట్టి ధ్యానం పనిచేసిందని రాస్తారు. ఒకటి గీత దాటడం, ఇంకొకటి దాటకపోవడం ఆ రెండింటి మధ్య తేడాకు రుజువు కాదు. రెండు సమూహాల తగ్గుదలలను నేరుగా పోల్చే పరీక్షే ఆ మాట చెప్పగలదు. అలాగే 0.12ను “ప్రభావం లేదు” అని చదవకూడదు.

ఎస్పీఎస్ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ పట్టికలో “.000” కనిపిస్తే దాన్ని సున్నా అని రాయవద్దు, 0.001 కంటే తక్కువ అని రాయాలి. ప్రభావ పరిమాణం రాసేటప్పుడు దేనితో భాగించామో కూడా చెప్పాలి: మన ఉదాహరణలో తేడాల క్రమ విచలనంతో భాగిస్తే డి 1.53, రెండు వరుసల ఉమ్మడి క్రమ విచలనంతో భాగిస్తే 0.75. రెండూ సరైనవే, కానీ రెండోదే వేర్వేరు సమూహాలతో చేసిన అధ్యయనాల పక్కన పెట్టి చూడదగినది. ఇవన్నీ కలిపి ఆ ఫలితాన్ని ఇలా రాయవచ్చు (ఇందులో విశ్వాస అంతరం అంటే మన డేటాతో పొసగే తేడాల పరిధి):

“పొంతన లేని మాటల రంగు చెప్పడానికి, ఉత్త రంగుల కంటే సగటున 2 సెకన్లు ఎక్కువ పట్టింది, 95 శాతం విశ్వాస అంతరం 0.9 నుంచి 3.1 సెకన్లు, జంట టి-పరీక్షలో టి విలువ 4.32, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 7, పి-విలువ 0.004 కంటే తక్కువ. ఉమ్మడి క్రమ విచలనం ప్రకారం డి 0.75. పాల్గొన్నది ఎనిమిది మందే కనుక ఈ తేడా పరిమాణం ఇంకా స్థూలమైన అంచనాయే.”