కంపెనీ ఫోన్‌లో మన మెసేజీలు యాజమాన్యానికి కనిపిస్తాయా? సెట్టింగ్స్ తెరిచి తెలుసుకునే పద్ధతి

ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన ఫోన్‌లోకి కొద్ది వారాల్లోనే మన సొంత సంభాషణలు కూడా వచ్చి చేరతాయి. వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉంది కాబట్టి ఎవరూ చూడలేరన్న ధైర్యం చాలామందికి ఉంటుంది. ఆ ధైర్యం సగం వరకే నిజం. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్ అందరికీ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ అమలు చేస్తోంది కనుక, మెసేజీ ప్రయాణిస్తున్న దారిలో దాన్ని ఎవరూ చదవలేరు. కానీ ఆ దారికి ఒక కొస మీ చేతిలోని ఫోనే, ఆ ఫోన్ కంపెనీది. అందువల్ల యాప్ ఎంత భద్రమైనదన్న ప్రశ్న కంటే ముందు, ఫోన్ మీద ఎవరికి ఎంత అధికారం ఉంది, మీరు వాడుతున్న ఖాతా ఎవరిది, బ్యాకప్ ఎక్కడికి వెళ్తోంది అన్న మూడు విషయాలు తేల్చుకోవాలి.

మొదట ఫోన్ సంగతి చూడండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరవగానే పైభాగాన, ఈ ఫోన్ ఫలానా సంస్థ పర్యవేక్షణలో ఉందని చిన్న అక్షరాల్లో ఒక వాక్యం కనిపిస్తే, అది కంపెనీ పూర్తి నిర్వహణలో ఉన్నట్టు. జనరల్‌లో వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్ తెరిస్తే కంపెనీ ప్రొఫైల్ ఏమేం అమర్చిందో కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఆఫీసు యాప్‌ల బొమ్మ పక్కన మాత్రమే చిన్న బ్రీఫ్‌కేసు గుర్తు ఉంటే అది వర్క్ ప్రొఫైల్, అంటే ఆఫీసు యాప్‌లను సొంత యాప్‌ల నుంచి వేరు చేసి ఉంచే భాగం. ఫోన్ మొత్తం సంస్థ నిర్వహణలో ఉంటే, ఈ పరికరం మీ సంస్థకు చెందినదన్న సూచన సాధారణంగా లాక్ స్క్రీన్ మీదనో సెట్టింగ్స్‌లోనో కనిపిస్తుంది.

ఇక్కడ ఒక అనవసరమైన భయాన్ని తొలగించడం అవసరం. ఎండీఎం (మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్) అని పిలిచే ఈ నిర్వహణ వ్యవస్థ ఫోన్ మోడల్‌ను, సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను, తన పరిధిలో ఉన్న యాప్‌ల జాబితాను చూడగలదు. ఫోన్‌ను దూరం నుంచి లాక్ చేయగలదు, పూర్తిగా తుడిచివేయగలదు. ఎస్ఎంఎస్‌లలోని లేదా వాట్సాప్‌లోని మాటలను మాత్రం అది తనంతట తాను చదవలేదు. అయితే పూర్తిగా తన నిర్వహణలో ఉన్న ఫోన్‌లో కంపెనీ మరో యాప్‌ను మీ ప్రమేయం లేకుండానే పెట్టగలదు. ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ అనుమతి పొందిన యాప్ తెర మీది అక్షరాలను చదవగలదు, నోటిఫికేషన్ యాక్సెస్ ఉన్న యాప్ పైనుంచి జారిపడే ప్రతి మెసేజీ తునకనూ చూడగలదు. సెట్టింగ్స్‌లో ఈ రెండు పేర్లనూ వెతికి, వాటి కింద ఏయే యాప్‌లకు అనుమతి ఉందో తప్పక చూసుకోండి.

ఇలాంటి ఏర్పాటు అన్ని చోట్లా కుట్రతోనే జరుగుతుందని అనుకోకూడదు. ఆర్థిక రంగంలో అది చట్టపరమైన అవసరం కూడా. ఉద్యోగులు సొంత మెసేజీల ద్వారా వ్యాపార సంభాషణలు జరిపితే వాటిని భద్రపరచలేదన్న కారణంతో, అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2022 సెప్టెంబరులో 16 సంస్థలపై మొత్తం 110 కోట్ల డాలర్లకు పైగా జరిమానాలు విధించింది. అలాంటి సంస్థల ఫోన్లలో మెసేజీలను నకలు తీసి దాచే ప్రత్యేక యాప్‌లు ఉండడంలో ఆశ్చర్యం లేదు.

రెండవది ఖాతా, అసలు మెలిక ఉన్నది ఇక్కడే. స్లాక్, టీమ్స్ వంటి ఆఫీసు చాట్ యాప్‌లు కంపెనీ ఖాతాతో నడుస్తాయి కాబట్టి, వాటిని సొంత ఫోన్‌లో తెరిచినా, ఇద్దరి మధ్యే జరిగిన సంభాషణ అయినా, ఆ మాటలు ఉండేది కంపెనీ అధీనంలోని సర్వర్లలోనే. టీమ్స్ చాట్‌ల ప్రతులను ఉద్యోగి మెయిల్‌బాక్సులోని కనిపించని ఫోల్డరులో ఉంచుతారు. విచారణ అవసరమైతే అధికారం ఉన్న అడ్మిన్ వాటిని వెతికి తీయగలరు. సంస్థ భద్రపరిచే విధానం పెట్టుకుని ఉంటే, మీరు తొలగించిన మెసేజీ మీ తెర మీద నుంచే పోతుంది. స్లాక్‌లో కూడా ప్లాన్‌ను బట్టి, షరతులను బట్టి వ్యక్తిగత సంభాషణలను ఎగుమతి చేసుకునే వీలుంది. వేతనం గురించో, అనారోగ్యం గురించో, పై అధికారి గురించో అక్కడ రాసే ముందు ఈ విషయం గుర్తుంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

మూడవది బ్యాకప్. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, దానిలో చాట్ బ్యాకప్ తెరిచి, ఏ ఖాతా పేరు ఉందో చదవండి. అక్కడ ఆఫీసు మెయిల్ ఐడీ ఉంటే మీ సంభాషణలన్నీ కంపెనీ ఖాతాలోకి చేరుతున్నట్టే. బ్యాకప్‌కు కూడా ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకునే వీలు 2021 నుంచి ఉంది. ఆ తరువాత లింక్డ్ డివైసెస్, అంటే మీ వాట్సాప్ తెరిచి ఉన్న ఇతర పరికరాల జాబితా కూడా చూడండి. నాతో పనిచేసిన ఒకరు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి, మూయకుండానే దాన్ని మరమ్మతుకు ఇచ్చారు. ఇంటి గ్రూపు సంభాషణ మరమ్మతు బల్ల మీద రోజంతా అలాగే తెరిచి ఉంది.

ఇక నెట్‌వర్కు విషయం క్లుప్తంగా. ఫోన్ ఇంటర్నెట్ రాకపోకలను కంపెనీ నెట్‌వర్కు గుండా నడిపే వీపీఎన్ ఉంటే మీరు ఏ సేవకు ఎప్పుడు కనెక్ట్ అయ్యారో తెలియవచ్చు, కానీ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లోని మాటలు తెలియవు. మామూలు ఎస్ఎంఎస్‌కు ఆ రక్షణ లేదు.

చూడగలగడం వేరు, చూసే హక్కు ఉండడం వేరు. రొమేనియాలో ఒక ఇంజనీరు, కంపెనీ కోరిక మీద ఖాతాదారుల కోసం తెరిచిన యాహూ మెసెంజర్ ఖాతాలో తన సోదరుడితో, పెళ్లి నిశ్చయమైన అమ్మాయితో మాట్లాడాడని 2007లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2016లో అతడికి వ్యతిరేకంగా తీర్పు చెప్పినా, 2017 సెప్టెంబరు 5న ఆ న్యాయస్థానపు విస్తృత ధర్మాసనమైన గ్రాండ్ ఛాంబర్ 11-6 ఆధిక్యంతో అతడి పక్షాన నిలిచింది. పర్యవేక్షణ గురించి ముందే చెప్పారా, అది ఎంత లోతుకు వెళ్లింది, దానికి తగిన కారణం ఉందా, మరింత మృదువైన మార్గం లేదా అన్నవి పరిశీలించాలని నిర్దేశించింది. అమెరికా సుప్రీంకోర్టు 2010లో మరో దారిన వెళ్లింది. ఒక పోలీసు అధికారికి శాఖ ఇచ్చిన పేజర్‌లో, 2002 ఆగస్టులో డ్యూటీ వేళల్లో నడిచిన 456 మెసేజీలలో 57కు మించి పనికి సంబంధించినవి లేవు. వాటిని శాఖ పరిశీలించడం సమంజసమేనని ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. దేశాన్ని బట్టి చట్టం మారుతుంది, కానీ ముందస్తు సమాచారం ఇచ్చారా లేదా అన్నది తరచుగా కీలకమవుతుంది.

అందుకే చేరినప్పుడు సంతకం చేసిన ఐటీ పాలసీని ఒకసారి తీసి చదవండి. వ్యక్తిగత వాడకానికి అనుమతి ఉందా, మెసేజీల్లోని విషయాన్ని పరిశీలిస్తారా, ఎంత కాలం ఉంచుతారు, ఎవరు చూడగలరు అన్న వాక్యాలు కనిపించకపోతే హెచ్ఆర్‌ను మెయిల్ ద్వారానే అడగండి, జవాబును దాచుకోండి. వీలైతే సొంత సంభాషణలను సొంత ఫోన్‌కే పరిమితం చేయండి. ఒకే ఒక జాగ్రత్త తీసుకోగలిగితే అది ఇదే కావాలి.

ఫోన్ తిరిగి ఇచ్చే ముందు సొంత ఫోటోలను, కాంటాక్టులను తీసుకుని, సొంత ఖాతాల నుంచి లాగౌట్ అవ్వండి. పనికి సంబంధించిన మెసేజీలను మాత్రం అడగకుండా తుడిచివేయకండి. ఏదైనా విచారణ నడుస్తుంటే అది మీ మెడకే చుట్టుకుంటుంది. కంపెనీ సిమ్ నంబరుతోనే వాట్సాప్ వాడుతుంటే, సిమ్ అప్పగించక ముందే అకౌంట్ సెట్టింగ్స్‌లోని నంబరు మార్చే సౌకర్యంతో మీ సొంత నంబరుకు మారిపోండి. అలా చేయకపోతే, రేపు ఆ సిమ్ ఎవరి చేతికి వెళ్తే వారు ఆ నంబరుతో వాట్సాప్ తెరిచినప్పుడు మీ బంధుమిత్రుల మెసేజీలు వారి ఫోన్‌కు రావడం మొదలుకావచ్చు.