చుక్క పోయేదాకా

మా ఇంట్లో ఒకరికి జలుబు తగ్గేసరికి ఇంకొకరికి మొదలయ్యేది. "చేతులు కడుక్కున్నావా?" అని అరిస్తే మా చిన్నాడు "ఆఁ, కడుక్కున్నా" అనేవాడు. అబద్ధమేం కాదు. ఒకరోజు పక్కన నిలబడి చూశా: కుళాయి కింద అరచేతులు పెట్టాడు, తీశాడు, చొక్కాకి తుడుచుకున్నాడు. మూడంటే మూడు సెకన్లు. సబ్బు అసలు వాడికి అందే ఎత్తులోనే లేదు! వాణ్ణి ఏమని తిట్టను?

ముందు సబ్బు కిందికి దించి, ఒక స్టూలు వేశా. తర్వాత వాడి అరచేతిలో, బొటనవేలి మీద, వేళ్ల సందుల్లో స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టా. అవి పోయేదాకా రుద్దాలి, అదే ఆట. కనీసం 20 సెకన్లు రుద్దాలంటారు కదా, అంకెలు లెక్కపెట్టించడం కంటే ఇదే పనిచేసింది. మొదటిరోజు అరచేతి చుక్క పోయింది, బొటనవేలిది చెక్కుచెదరలేదు. నా చేతి మీద పెట్టుకుని చూస్తే నాదీ అంతే!

శానిటైజర్ ఉందిగా అనుకునేదాన్ని. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద అది సరిగ్గా పనిచేయదు, సబ్బూ నీళ్లూ ఉండాల్సిందే. చన్నీళ్లయినా చాలు. అందరికీ ఒకటే ఉన్న తువ్వాలు తీసేసి తలా ఒకటి పెట్టా.

జలుబులు పూర్తిగా పోలేదు, తగ్గాయి. ఇప్పుడు నేను బయటినుంచి వచ్చి కూలబడితే, వాడే పెన్ను పట్టుకుని తయారు.