వంపు, మెలి కలిసిన షాఫ్ట్‌లో అలసట పగులును చూసే పద్ధతి

ఉక్కు షాఫ్ట్‌లో అలసట పగులు (పదేపదే మారే బలాల వల్ల పుట్టే పగులు) కనబడితే పొడవుకన్నా ముందు దాని దిశను గమనించాలి. మారుతూ ఉండే వంపు బలం ఒక్కటే పనిచేస్తే పగులు సాధారణంగా అక్షానికి అడ్డంగా, మారుతూ ఉండే మెలి ఒక్కటే అయితే సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా పెరుగుతుంది. రెండూ ఒకే లయలో మారితే ఈ రెంటి మధ్య కోణంలో సాగుతుంది.

కీవే (చక్రాన్ని షాఫ్ట్‌కు బిగించే కీ కూర్చునే గాడి) మూలను శుభ్రంగా తుడిచి, మాగ్నెటిక్ పార్టికల్ పరీక్షను (ఉక్కును అయస్కాంతీకరించి, ఇనుప పొడి ఎక్కడ చేరుతుందో చూసే పరీక్ష) పరస్పరం లంబంగా ఉన్న రెండు దిశల్లో చేయండి, ఎందుకంటే అయస్కాంత క్షేత్రానికి సమాంతరంగా ఉన్న పగులు దగ్గర పొడి చేరదు. వెంట్రుకలా తేలిన నల్లని గీత రెండు కొనలనూ గుర్తించి, నడిచిన గంటలతోపాటు రాసుకోండి.

పగులు పెరిగే వేగాన్ని లెక్కగట్టే పారిస్ సూత్రంలో ఉక్కుకు ఘాతాంకం సుమారు 3 కనుక, ప్రతిబల వ్యాప్తి (ఒక్కో ఆవృత్తిలో లోహం లోపలి గరిష్ఠ, కనిష్ఠ ప్రతిబలాల తేడా) 10 శాతం పెరిగినా పగులు వేగం దాదాపు 33 శాతం పెరుగుతుంది. వంపు, మెలి వేర్వేరు లయల్లో మారుతుంటే ప్రధాన ప్రతిబలం (అన్నిటికన్నా ఎక్కువగా లాగే ప్రతిబలం) దిశే తిరుగుతూ ఉంటుంది. అక్కడ ఒకే కోణాన్ని నమ్మి లెక్కగట్టకూడదు, తనిఖీల విరామాన్ని తగ్గించాలి.