కాగితం చుట్టిన సీసపు గుండు: నాకు కుదిరిన పద్ధతి

నాది 45 కాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం సుమారు 0.45 అంగుళం) సింగిల్ షాట్ రైఫిల్, నల్ల తుపాకీమందుతో పేల్చే పాతకాలపు రకం. దీంట్లో కాగితం చుట్టిన సీసపు గుండ్లు వాడతాను. మూడు గుండ్లు దగ్గరగా పడితే నాలుగోది ఎటో పోయేది. మందు కొలత మార్చాను, జారుడు కోసం వాడే కొవ్వు మార్చాను, సీసంలో తగరం పెంచాను, ఏదీ పనిచేయలేదు.

దారి చూపింది గొట్టం ముందు నేల మీద పడ్డ కాగితమే. బాగా పడ్డ గుండ్ల కాగితం సన్నటి ముక్కలుగా చిరిగింది. దారి తప్పిన గుండుది మాత్రం పొడుగాటి పీలికలా దొరికింది, అంచు మీద అంచు ఎక్కిన మడత దాని మీద స్పష్టంగా కనిపించింది.

అప్పుడు కొలత మళ్లీ తీశాను. పొడి కాగితాన్ని గుండుకి రెండు చుట్లకన్నా కాస్త ఎక్కువే బిగించి చుట్టి, బ్లేడుతో పొరలన్నీ తెగేలా ఏటవాలుగా కోశాను. విప్పి, ఒక్కో చుట్టంత పొడవుతో వచ్చిన రెండు ముక్కల్ని అంచుకి అంచు చేరిస్తే అదే కాగితం కోతకు నమూనా. తడిస్తే కాగితం సాగుతుంది కాబట్టి పొడవులో ఒక మిల్లీమీటరు తగ్గించాను. అసలు కిటుకు ఇదే! తర్వాత కాగితం తడిపి, రెండు చుట్లు చుట్టి, గుండు అడుగున మిగిలిన కాగితాన్ని తోకలా మెలిపెట్టి, రాత్రంతా నీడన ఆరనిచ్చాను. అంచులు ఒకదానికొకటి ఆనాలి, ఎక్కకూడదు. ప్రతి షాట్ తర్వాత తడిగుడ్డతో, ఆపై పొడిగుడ్డతో గొట్టం తుడిచాను.

ఆ తర్వాత 20 గుండ్లలో ఒక్కటీ తప్పిపోలేదు. మీ కాగితం మందం వేరైతే నా మిల్లీమీటరు లెక్క కుదరకపోవచ్చు. పైగా తుడవడం కూడా అప్పుడే మొదలుపెట్టాను కాబట్టి, ఫలితంలో దాని వాటా ఎంతో విడదీసి చెప్పలేను.