మేధో వైకల్యం ఉన్నవారితో వ్యాయామం చేయించేటప్పుడు

"చెప్పిన మాట వినడు, రెండు నిమిషాలు కూడా నిలబడడు" అంటుంటారు. అందులో మొండితనం తక్కువ, మనం కుమ్మరించే మాటలు ఎక్కువ. "చేతులు చాపి, మోకాళ్లు వంచి, మెల్లగా కూర్చో" అంటే అది మూడు పనులు. ఒక్కటే చెప్పండి, చేసి చూపండి, తర్వాత మనసులో పది లెక్కపెడుతూ ఊరుకోండి. ఆగలేక మళ్లీ చెప్పారంటే అవతలివాళ్లు మొదటినుంచి అర్థం చేసుకోవాల్సిందే.

ముందుగా డాక్టరుకు చూపించాలి. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ అదనంగా ఉండటం) ఉన్నవారిలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. మెడలో పై రెండు ఎముకల మధ్య పట్టు కూడా వదులుగా ఉండొచ్చు. అందుకే పిల్లిమొగ్గలు, శీర్షాసనం, ట్రాంపోలిన్ డాక్టరు సరేననేదాకా వద్దు. మెడ నొప్పి, తల ఒక పక్కకు వాలడం, నడక మారడం, చేతుల్లో పట్టు తగ్గడం, కొత్తగా మూత్రం ఆపుకోలేకపోవడం... ఏ ఒక్కటి కనిపించినా అక్కడితో ఆపి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఫిట్స్ వచ్చేవారు ఈతకు దిగితే చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఒక మనిషి ఉండాలి.

మొదలుపెట్టడానికి కుర్చీ చాలు. చక్రాలు లేనిది తీసుకుని గోడకు ఆనించండి. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. ఎక్కడ పెట్టాలో తెలిసేలా పాదాల ఆకారం గీసి నేలకు అతికించండి. ముక్కు మోకాళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి లేవాలి, మూడు లెక్కపెట్టేంతసేపు మెల్లగా కూర్చోవాలి. కూర్చునేటప్పుడు ధబ్బున పడుతున్నారంటే తొడల్లో బలం చాలడం లేదు, గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. చేతులతో తొడలను నొక్కి లేస్తుంటే గుండెకు ఆనించి పట్టుకోమని బంతి ఇవ్వండి. 5 సార్లు, నిమిషం విశ్రాంతి, మళ్లీ 5 సార్లు. వారంలో 2 రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ. తేలికైపోయాకే ఒకటి రెండు పెంచండి.

అంకెలు రానివాళ్లకు రెండు బుట్టలు, 5 చెక్కముక్కలు పెట్టండి. లేచిన ప్రతిసారీ ఒక ముక్క ఇటునుంచి అటు. ఎన్ని మిగిలాయో కళ్లకు కనిపిస్తుంది కాబట్టి ఇంకా ఎంతసేపన్న గొడవ ఉండదు. బుట్ట ఖాళీ అయ్యాక "బాగా చేశావు, ఇంకొక్కటి" అనకండి. అలా అన్నారంటే రేపటినుంచి ఆ బుట్టను నమ్మరు.

మోచెయ్యి పట్టి లేపుతుంటే ఆ పట్టును క్రమంగా వదులు చేసి తాకడం దాకా, తర్వాత సైగ దాకా తగ్గించండి. లేకపోతే మీ చెయ్యి కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో వైకల్యం ఉన్న పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు అని ఉంది. ఆ అంకె చూసి కంగారు పడొద్దు, 5 నిమిషాల నడకైనా లెక్కే. గుండె గరిష్ఠ వేగం ఎంతో అంచనా వేయడానికి 220 లోంచి వయసు తీసేసే నాడి లెక్క డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి కుదరదు. వాళ్ల గుండె అంత వేగం అందుకోదు. ఊపిరి వేగం పెరిగినా మాట తెగకుండా వస్తుంటే సరిపోయినట్టే. మాటలు రానివారైతే ముఖం చూస్తూ నడిపించండి.

ఆటిజం ఉన్నవారికి విజిల్, హాల్లో ప్రతిధ్వని నరకం కావచ్చు. చోటు, వరుస రోజూ ఒకేలా ఉంచి, మార్పుంటే ముందే బొమ్మతో చూపండి. బహుమతిగా తిండి పెట్టొద్దు, ఎంత తిన్నా ఆకలి తీరని ప్రాడర్ విల్లీ అనే జన్యు సమస్య ఉన్నవారికైతే అసలే వద్దు. మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు ఎండను తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి కాబట్టి అవి వాడేవారి నడక ఉదయమో సాయంత్రమో పెట్టుకోండి.

నొప్పిని నోటితో చెప్పలేనివారు చాలామంది. నిన్నటిదాకా హుషారుగా నడిచిన మనిషి ఇవాళ గుమ్మం దగ్గరే కూలబడితే బతిమాలడానికి ముందు బూట్లు, మేజోళ్లు విప్పి, మడమ, వేళ్ల సందులు, గోళ్ల అంచులు చూడండి.