డకార్ వర్షాకాలంలో బిస్ట్రో భోజనం: ప్రయాణికులకు జాగ్రత్తలు

సెనెగల్ రాజధాని డకార్‌లో జులై నుంచి అక్టోబర్ వరకు వానలు కురుస్తాయి. ఆ నెలల్లో అక్కడికి వెళ్లి ప్లాటో, ఎన్‌గోర్ వంటి ప్రాంతాల్లోని బిస్ట్రోలలో, అంటే ఫ్రెంచి తరహా చిన్న హోటళ్లలో, భోజనం చేయదలచినవారు ముందుగా టీకాల సంగతి చూసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకాను కనీసం 10 రోజుల ముందే వేయించుకుని ధ్రువపత్రాన్ని పాస్‌పోర్టుతోపాటు ఉంచుకోవాలి. అది లేకుండా తిరిగివచ్చేవారిని మన దేశంలో క్వారంటైన్‌కు పంపే నిబంధన ఉంది. హెపటైటిస్-ఎ, టైఫాయిడ్ టీకాల గురించి, మలేరియా నివారణ మాత్రల గురించి వైద్యుణ్ని అడగాలి.

అక్కడి ప్రధాన వంటకం చెబుజెన్. చేపనూ కూరగాయలనూ టమాటాతో ఉడికించి, ఆ రసంలోనే నూకలు వండుతారు. 2021లో ఇది యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. దీన్ని తప్పక రుచి చూడవలసిందే, అయితే మధ్యాహ్నం, పొయ్యి మీద నుంచి దించిన వేళకే వెళ్లి తినాలి. వేడి వాతావరణంలో గంటల తరబడి బయట ఉన్న అన్నంలో కొన్ని బ్యాక్టీరియా విడుదల చేసే విషం మళ్లీ వేడిచేసినా పోదు కనుక, రాత్రికి మిగిలినదాన్ని వేడిచేసి పెడితే వద్దనడమే క్షేమం.

చేప విషయంలో మరింత పట్టుదలగా ఉండాలి. ట్యూనా, మాకెరల్ జాతి చేపలు కొంతసేపు ఐసు లేకుండా ఉంటే వాటిలో హిస్టమిన్ అనే, అలర్జీ లాంటి లక్షణాలు కలిగించే రసాయనం పేరుకుంటుంది, ఎంత బాగా వేయించినా అది నశించదు. చేపను వండకముందు చూపించమని మర్యాదగా అడిగి, కళ్లు ఉబ్బెత్తుగా, తేటగా ఉన్నాయో లేదో, మొప్పలు ఎర్రగా ఉన్నాయో లేదో గమనించాలి. ముక్క నోట్లో పెట్టగానే మిరియాల ఘాటులా చురుక్కుమంటే అక్కడితో ఆపేయాలి. కాసేపట్లో ముఖం ఎర్రబడి, తలనొప్పి, గుండెదడ మొదలైతే ఆలస్యం చేయకుండా వైద్యసాయం తీసుకోవాలి.

శాకాహారులకు నా గట్టి సలహా ఏమిటంటే, కూరగాయల వంటకం అన్నంతమాత్రాన నమ్మి తినవద్దు, ఎందుకంటే రుచి కోసం ఎండుచేపనో పులియబెట్టిన సముద్రపు నత్తమాంసాన్నో వేయడం అక్కడ మామూలే. మాంసం, చేప, వాటి రసం కూడా వద్దని ఫ్రెంచిలో రాయించుకున్న చీటీని వంటవారికి చూపాలి. వేరుశనగ పడనివారు ఆ సంగతి కూడా అందులోనే రాయించాలి. మాఫే అనే పులుసు వేరుశనగ ముద్దతోనే చేస్తారు, ఆ నూనె వాడకమూ ఎక్కువే.

మన గోంగూర జాతి మొక్క పువ్వు అడుగున ఉండే ఎర్రని, దళసరి రక్షకపత్రాలతో చేసే బిస్సాప్ పానీయం చూడగానే తాగాలనిపిస్తుంది. ఏ నీటితో చేశారో, ఐసు ఎక్కడిదో తెలియకపోతే దాని బదులు మరిగించి పోసే అత్తాయా టీ గాని, మూత మన ఎదుటే తీసిన సీసా నీరు గాని తీసుకోవాలి. విరేచనాలు పట్టుకుంటే వెంటనే తాగడానికి ఓఆర్‌ఎస్ పొట్లాలు సంచిలో ఉండాలి. జ్వరం వచ్చినా, రక్తం పడినా ఆసుపత్రికి వెళ్లాలి.

చీకటి పడ్డాక ఆరుబయట బల్లల దగ్గర కూర్చునేవారు నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు వేసుకుని, దోమల మందు చీలమండలకు కూడా రాసుకోవాలి. మలేరియా నివారణ మాత్రలు వేసుకున్నా సరే, ఇంటికి చేరాక కొన్ని వారాల్లో జ్వరం వస్తే సెనెగల్ వెళ్లివచ్చినట్టు వైద్యుడికి మొదటే చెప్పి, అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించుకోవాలి.