చిత్తూరు జిల్లా బోరుబావుల నీటిమట్టాలకు వేరియోగ్రామ్ పటాన్ని తీర్చిదిద్దడం
బోర్ల మధ్య దూరాన్ని బట్టి వాటి నీటిమట్టాల తేడా ఎలా మారుతుందో చూపే పటమే వేరియోగ్రామ్. పలమనేరు ప్రాంతపు బోరుబావుల నీటిమట్టాలను ఆర్ అనే గణాంక ప్రోగ్రామింగ్ భాషలోని జీస్టాట్ ప్యాకేజీతో పరిశీలించేటప్పుడు, అక్షాంశ రేఖాంశాలను ముందుగా మీటర్లలో కొలిచే యూటీఎం నిరూపక పద్ధతిలోని 44 ఉత్తర మండలంలోకి మార్చుకుంటే అడ్డ అక్షంపై దూరం మీటర్లలో వస్తుంది. కటాఫ్, అంటే ఎంత దూరం వరకు బోర్ల జతలను పోల్చాలనే హద్దు, ఇవ్వకపోతే జీస్టాట్ బోర్లన్నీ ఇమిడే దీర్ఘచతురస్రపు కర్ణంలో మూడో వంతు వరకే తీసుకుని, దానిని 15 భాగాలుగా విడగొడుతుంది. బోర్లు పలచగా ఉంటే ఇన్ని భాగాలు ఎక్కువే కాబట్టి విడ్త్‌ను, అంటే ఒక్కో భాగపు వెడల్పును, పెంచుకోవాలి.

ప్లాట్ ఫంక్షన్‌లో ప్లాట్.నంబర్స్‌ను ట్రూ చేస్తే ప్రతి చుక్క పక్కనా అది ఎన్ని బోర్ల జతల నుంచి వచ్చిందో ఆ సంఖ్య కనిపిస్తుంది. రంగుల కంటే ఇదే ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే ఏడెనిమిది జతలతో ఏర్పడిన మొదటి చుక్కను నమ్ముకుని నగ్గెట్‌ను (దూరం సున్నాకు చేరువైనప్పుడు కూడా మిగిలే తేడాను) నిర్ణయించడం సరికాదు. రంగుకు కాల్, చుక్క ఆకారానికి పీసీహెచ్ సరిపోతాయి. నిలువు అక్షం పేరు రాసే వైల్యాబ్‌లో మాత్రం మీటర్లు అని కాక మీటర్ల వర్గం అని రాయాలి. ఈ పటం ఆర్‌లోని ల్యాటిస్ అనే ప్యాకేజీతో గీసినది కనుక, మామూలు పటాలపై గీతలు గీసే ఏబీలైన్‌తో సిల్ (వేరియోగ్రామ్ పెరగడం ఆగి నిలకడపడే ఎత్తు) గీత పడదు. అది కావాలంటే ఫలితాన్ని డేటాఫ్రేమ్‌గా (పట్టికగా) తీసుకుని జీజీప్లాట్2 అనే మరో పటాల ప్యాకేజీలో గీసుకోవచ్చు.